మా వదినె ఎదురొస్తే

మంగళవారం పొద్దున నేను కొండగట్టు గుడిలో ప్రదక్షిణలు చేస్తున్నాను. సంచిలో ఫోను మోగింది. ప్రదక్షిణలో ఉండగా ఫోను తీయడం నాకు అలవాటు లేదు. ఆగిపోయి మళ్లీ మోగింది. తీశాను. మా ఎదురింటి కోడలు.

“చిన్నమ్మా, పెద్దమ్మ చాట ముందట కూసున్నది కూసున్నట్టే ఒరిగింది. ఎంత లేపినా లేస్తలేదు. నువ్వు జల్ది రా.”

పెద్దమ్మ అంటే మా వదినె, మా ఆయనకు అక్క. ప్రతి వారం నాతో గుడికి వచ్చే మనిషి, ఆ వారం బీడీలు అప్పజెప్పేది ఉందని ఇంట్లోనే ఉండిపోయింది. ప్రదక్షిణలు సగంలో ఆపి కొండ దిగాను. దేవుడు తప్పు పట్టడని నా నమ్మకం. ఆయన కూడా ఒకరి ప్రాణం కోసం కొండను మోసుకొచ్చినవాడే కదా. కోరుట్ల చేరేసరికి మా వదినెను చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. డాక్టరు వచ్చి చూసి పోయాడట, గుండె ఆగిందన్నాడట. పక్కన బీడీల చాట అట్లాగే ఉంది. చుట్టిన ఆకు ఒకటి దారం కట్టకుండా మిగిలింది.

వచ్చిన ఆడవాళ్లందరి నోటా ఒకటే మాట. “పాపం, ఏం సుఖపడ్డది. చిన్నతనంలనే బొట్టు పాయె, తమ్ముని ఇంట్ల పడి బతుకు ఎల్లదీసె.”

నేను గట్టిగా మాట్లాడే మనిషిని కాను. ఆ రోజు కూడా నోరు విప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. చదివేవాళ్లను ఒక్కటే కోరుతున్నాను. మా వదినెను పాపం అనకండి. ఆ మాట ఆమెకు నచ్చదు. బతికున్నప్పుడు ఎవరైనా అంటే, “గా పాపం మీ ఇంట్లనే పెట్టుకోండ్రి, మా ఇంట్ల జాగ లేదు” అనేది. నోరు లేనిదాన్ని నేనున్నాను కదా అని, ఆమె పోయాక ఆ మాటను ఇంట్లోకి తెచ్చి పెడితే ఒప్పుకోను.

మా వదినెను సిరిసిల్లకు ఇచ్చారు. ఆమె భర్త సాంచాల మీద పనిచేసేవాడు. సాంచాలంటే మరమగ్గాలు. ఆ వాడల్లో పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా అరవాలి. కాపురం కొన్నేళ్లే అయినా ఆ గొంతు ఆమెకు జీవితమంతా ఉండిపోయింది. ఆయన జ్వరంతో పోయాడు. ఆమె ఒక రేకుపెట్టెతో కోరుట్లకు తిరిగొచ్చింది. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఆమె అరుగు మీద కాళ్లు చాపుకొని, ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుడుతూ ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసి, “ఏం మర్దలా, నీకు నోరున్నదా, ఇంటికాడ మరిచి అచ్చినవా?” అంది. నేను నవ్వాను. అదే మా మొదటి మాట.

మా దగ్గర ఎవరైనా పని మీద బయలుదేరితే ఎదురు ఎవరొస్తున్నారో చూస్తారు. నిండు బిందె మంచిది, ముత్తయిదువ మంచిది, ఆవు మంచిది. ఖాళీ బిందె, కట్టెల మోపు, భర్త పోయిన ఆడమనిషి మంచివి కావు. ఈ ఆనవాయితీని ఎవరూ ఎక్కడా నేర్పరు. ఇంట్లో ఉప్పు ఎక్కడుంటుందో తెలిసినట్టే అందరికీ తెలుస్తుంది.

మా ఆయన మొదటిసారి గల్ఫ్‌కు బయలుదేరిన రోజు మా అత్తమ్మ, “ఓ బిడ్డా, నువ్వు జర పెరట్లకు పో” అంది. సొంత కూతురినే అంది. ఎత్తుకొని పెంచిన తమ్ముడు దేశం దాటిపోతుంటే మా వదినె చాట పట్టుకొని పెరట్లోకి వెళ్లింది. మా ఆయన గడప దాటుతున్నాడో లేదో, వెనకనుంచి వాడ మొత్తం వినపడేట్టు కేక వచ్చింది. “తమ్మీ, పాస్‌పోర్టు పెట్టుకున్నవా? మందుబిళ్లలు పెట్టుకున్నవా? పైలం బిడ్డా.” మా అత్తమ్మ తల కొట్టుకుంది. మా వదినె తర్వాత నాతో మెల్లగా, అంటే ఆమె లెక్కన మెల్లగా, “కనపడద్దన్నరు గని వినపడద్దనలే గద” అంది.

ఆ మాటను నేను చాలాసార్లు తలుచుకున్నాను. ఆమె ఎవరితోనూ కొట్లాడలేదు. ఎంతవరకు ఆపారో అంతవరకు ఆగి, ఆపనిచోట నుంచి దూరేది.

మా అత్తమ్మ కాలం చేశాక ఆమెను పెరట్లోకి పొమ్మనేవాళ్లు ఇంట్లో లేరు. అయినా ఎవరైనా బయలుదేరుతుంటే తనంతట తనే లోపలికి వెళ్లేది. అది ఆగింది మా బిడ్డ గేట్ పరీక్షకు పోయిన పొద్దున.

మా బిడ్డ జగిత్యాల దగ్గరి కాలేజీలో బీటెక్ చేసింది. ఎంటెక్ సీటుకు గేట్ అనే పరీక్ష రాయాలి. పరీక్ష కరీంనగర్‌లో. నేను ముందు రోజే పక్కవీధి ముత్తయిదువకు చెప్పి ఉంచాను, నిండు చెంబుతో ఎదురు రమ్మని. ఆమె రాలేదు. బస్సు వేళవుతోంది. బిడ్డ సంచి వేసుకొని గడపలో నిలబడి ఉంది. నేను వీధి చివరికి చూస్తున్నాను. ఇంతలో మా వదినె అరుగు దిగింది. బీడీ కత్తెర చేతిలోనే ఉంది. వీధిలోకి నాలుగడుగులు నడిచి వెనక్కి తిరిగి, నేరుగా మా బిడ్డకు ఎదురు వచ్చింది.

“ఏం జూస్తున్నవ్? నేనే అచ్చిన. నీకు నడక నేర్పింది నేను. నాకంటె మంచి శకునం ఎవ్వలే? పో.”

మా బిడ్డ ఆమె కాళ్లు మొక్కి వెళ్లిపోయింది. నేను వెంటనే లోపలికి వెళ్లాను. దేవుడి ముందు దీపం పెట్టి కూర్చున్నాను. ఫలితాలు వచ్చేదాకా ఆ దీపం ఆరనివ్వలేదు. మంచి ర్యాంకు వచ్చింది.

ఆ సంగతి వాడకట్టులో ఇంకో రకంగా తిరిగింది. మూడో ఇంటి అవ్వ చేతులు ఊపుకుంటూ వచ్చింది. ఆమె కొడుకు దుబాయి నుంచి తిరిగొచ్చి ఆటో నడుపుతున్నాడు.

“మీ పిల్ల గేటు పాసయిందట గద. ఏ గేటు కాడ ఏసిండ్రు? మెట్‌పల్లి దిక్కు గేటయితే మంచిగుంటది, ఇంటికి దగ్గర.”

మా ఊరి మీదుగా రైలు పోతుంది. గేటు అంటే ఆమెకు రైలు గేటే. నేను చెప్పబోతుంటే మా వదినె ఆపి, నవ్వకుండా, “ఇంక ఎయ్యలే అవ్వా. ఏసినంక నీ కొడుకు ఆటో అచ్చినప్పుడల్ల గేటు బంద్ జేస్తనన్నది” అంది.

సీటు తీసుకునేటప్పుడు మా బిడ్డ బండ్లనే ఎంచుకుంది. ఆటోమోటివ్ ఇంజనీరింగ్, అందులోనూ కరెంటు బండ్లు. కంప్యూటర్ల చదువు దొరికేది, అయినా తీసుకోలేదు. చుట్టాలంతా ఫోన్లు. ఆడపిల్ల మెకానిక్ షెడ్డులో ఏం చేస్తుంది, పెళ్లిచూపులకు మసి చేతులతో వస్తుందా, సాఫ్ట్‌వేర్ తీసుకుంటే ఏమైంది. నేను అందరికీ సరే సరే అన్నాను. మా వదినె నా చేతిలోంచి ఫోను తీసుకొని, “ఇంట్ల సాఫ్టు మా మర్దలున్నది. ఇంటికి ఒక్క సాఫ్టు సాలు” అని పెట్టేసింది.

ఆ తర్వాత ఎవరైనా మీ పిల్ల మెకానికట గదా అని ఎత్తిపొడిస్తే, “అవు, మెకానికే. మీ బండి ఖరాబయితె తోలుకరాండ్రి, గని వరుసల నిలబడాలె” అనేది. ఆ మాట ఎన్నిసార్లు అన్నారో అన్నిసార్లూ ఒప్పుకుంది. ఒప్పుకున్న మాటతో ఎవరైనా ఎంతసేపని పొడుస్తారు? కొన్నాళ్లకు మానేశారు.

బిడ్డ హైదరాబాదులో హాస్టలు నుంచి సాయంత్రాలు ఫోను చేసేది. నేను తిన్నావా, దేవుడికి దండం పెట్టుకున్నావా అని అడిగేదాన్ని. మా వదినె మాత్రం చదువు అడిగేది. బీడీల మీద చెయ్యి ఆగేది కాదు. ఫోను చాట అంచుకు ఆనించి, ఆ సిరిసిల్ల గొంతుతో అడిగేది.

“ఏం సదివినవే ఇయ్యాల?”

“బ్రేకు ఏస్తే కరెంటు ఎనుకకు అచ్చుడు సదివిన అత్తా.”

“గదేంది?”

“బండి ఉరుకుతున్నప్పుడు మోటరు కరెంటు తింటది. బ్రేకు ఏసినప్పుడు గదే మోటరు ఉల్టా కరెంటు తయారుజేసి బ్యాటరీకి ఇస్తది.”

మా వదినె చేతిలో బీడీకి దారం చుట్టి ముడేసింది. “అంటె ఆపినోడే బువ్వ పెట్టినట్టు.”

“గట్లనే అనుకో.”

“అయితె నాకాడ మస్తు కరెంటుండాలె. నన్ను ఆపనోళ్లు ఎవ్వలే?”

ఇద్దరూ నవ్వారు. నేను వంటింట్లో ఉన్నాను, నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ నేను ఎక్కిన బండి బ్రేకు పడితే ఆ మాటే గుర్తొస్తుంది.

ఎంటెక్ రెండో ఏడు ఒక పని సొంతంగా చేసి చూపాలి, ప్రాజెక్టు అంటారు. మా దిక్కు ఎండలకు కరెంటు ఆటోల బ్యాటరీ ఎట్లా తట్టుకుంటుంది అనేది మా బిడ్డ తీసుకున్న పని. కాలేజీలో వేడి పెట్టెలు ఉన్నాయట, వాటిలో పెట్టి చూడొచ్చట. కానీ మా రోడ్డు, మా గుంతలు, మా మిట్టమధ్యాహ్నం ఆ పెట్టెలో ఉండవని సారుకు చెప్పి ఒప్పించింది. ఎండాకాలం పోతే మళ్లీ ఎండాకాలం దాకా ఆగాలి, అంటే ఏడాది చదువు వెనక్కి పోతుంది. అది సారు ముందే చెప్పాడు.

మా వాడకట్టులో కరెంటు ఆటో ఒక్కటే ఉంది. అవ్వ కొడుకుది. డీజిలు ఆటో తీసేసి కొత్తగా కొన్నాడు. మధ్యాహ్నం బేరాలుండవు కాబట్టి ఆ వేళ ఇస్తానన్నాడు. మా బిడ్డ బ్యాటరీ డబ్బాకు సన్నటి తీగలు అంటించి, లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకొని వెనక కూర్చుంది. మనుషుల బరువుకు బదులు ఇసుక సంచులు. కథలాపూర్ దాకా పోయి రావాలని అనుకున్నారు.

బండి కదిలే ముందు మా వదినె కత్తెరతో ఎదురొచ్చింది. అవ్వ కొడుకు ముఖం చిట్లించాడు. ఎండ మండుతోంది.

కథలాపూర్ చేరకముందే ఆటో ఆగిపోయింది. ఎంత తిప్పినా కదల్లేదట. చివరికి ఒక ట్రాక్టరుకు తాడు కట్టి లాక్కొచ్చారు. ట్రాక్టరు వెనక కొత్త ఆటో వీధిలోకి వస్తుంటే అందరూ బయటికి వచ్చి చూశారు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, తర్వాత తీసేసి, అనేసింది.

“ముండమోపి ఎదురచ్చినంక బండి నడుస్తదా? నా కొడుకు నోట్ల మన్నువడ్డది.”

మా వదినె జవాబు చెబుతుందని అందరూ చూశారు. నేనూ చూశాను. ఆమె చాట తీసుకొని లేచి, ఇంట్లోంచి నడిచి పెరట్లోకి వెళ్లింది. ఎన్నో ఏళ్ల తర్వాత పెరట్లో కూర్చుంది.

ఎదురింటి కోడలు అదంతా తలుపు సందులోంచి చూసింది. ఆ పిల్ల గురించి చెప్పాలి. భర్త గల్ఫ్‌లోనే పోయాడు, పెట్టెలో వచ్చాడు. అప్పటినుంచి వీధిలో ఎవరు బయలుదేరుతున్నట్టు కనిపించినా తలుపు వెనక్కి తగ్గేది. ఆ రోజు మా వదినె పెరట్లోకి వెళ్లగానే ఆ తలుపు పూర్తిగా మూసుకుంది.

మరునాడు పొద్దున అవ్వ కొడుకు మా అరుగు దగ్గరికి వచ్చాడు. మంచివాడే. తల వంచుకొని మాట్లాడాడు.

“నేను ఇయ్యనంటలేను అక్కా. రాత్రి దాని అంతట అదే షురువయింది, బండికి ఏం గాలే. మల్ల తీస్త. గని తీసేటప్పుడు పెద్దక్క జర లోపలుంటె సాలు.”

పెరట్లోంచి గొంతు వచ్చింది. ఈసారి నిజంగానే మెల్లగా వచ్చింది. “ఉంట తియ్ తమ్మీ. పిల్ల సదువు కంటె ఎక్కువనా.”

అడిగింది చాలా చిన్నది. కాసేపు లోపల ఉండడం. దానికి ఒప్పుకుంటే చదువు నిలుస్తుంది. ఇంకొకరి ఆటో దొరకదు. ఎండాకాలం ఆగదు. నేను మా బిడ్డ వైపు చూశాను. అది నేల మీద కూర్చొని లాప్‌టాప్‌లో గీతలు చూస్తోంది. తల ఎత్తకుండానే అంది.

“అట్ల కుదరదు మామా.”

“ఎందుకు కుదరదు బిడ్డా?”

“బండి ఖరాబు గాలే. బ్యాటరీకి కాపలా ఒక చిన్న కంప్యూటరుంటది. వేడి హద్దు దాటితె అది కరెంటు బంద్ జేస్తది, లేకపోతె బ్యాటరీ కాలిపోతది. నిన్న గదే చేసింది. వేడి ఎందుకు దాటిందో నాకు అనుమానమున్నది. నువ్వు బ్యాటరీ డబ్బాకు ఏం చుట్టినవ్?”

ఆయన గర్వంగానే చెప్పాడు. “దుబాయి దుప్పటి. మంచిది. ఎండ తగలద్దని.”

మా దగ్గర గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతి ఇంట్లో ఆ దుప్పటి ఒకటి ఉంటుంది. పులిబొమ్మో గులాబీలో ఉంటాయి, మోయలేనంత బరువు. చలికాలంలో అది కప్పుకుంటే పొద్దున లేవబుద్ధి కాదు. కొత్త బండి మీద ప్రేమతో ఆయన తన దుప్పటిని మడిచి బ్యాటరీకి కప్పి, తాడుతో బిగించాడు.

మా బిడ్డ నవ్వలేదు. అందుకు నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. మెల్లగా చెప్పింది. “బయటి ఎండ ఆగింది మామా, గని లోపటి వేడి గూడ ఆగింది. ఇయ్యాల దుప్పటి తీసి చూస్త. మిగిలినయన్ని నిన్నటి తీర్గనే ఉండాలె. గదే రోడ్డు, గదే వేళ, గదే బరువు. మార్చేది ఒక్కటే ఉండాలె. మా సదువుల మొదటి రూలు ఇది. నిన్న అత్త ఎదురచ్చింది. ఇయ్యాల అత్తను గూడ తీసేస్తె రెండు మార్చినట్టయితది. అప్పుడు బండి మంచిగ నడిస్తె తప్పు దుప్పటిదా అత్తదా ఎట్ల తేలుతది? మా సార్లు ఒప్పుకోరు. అత్త ఎదురు రావాల్సిందే.”

అవ్వ కొడుకు నోరు తెరుచుకొని విన్నాడు. ఈలోగా అవ్వ కూడా వచ్చి నిలబడింది.

“ఏ శాస్త్రంల ఉన్నదే గిట్ల ఎదురు రావాలెనని?”

“మా శాస్త్రంల ఉన్నది అవ్వా.”

అవ్వ నా వైపు తిరిగింది, నీకు భక్తి ఉంది, నువ్వు చెప్పు అన్నట్టు. అప్పటిదాకా నిలబడి వింటున్న నేను ఆమె కొడుకు వైపు తిరిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

“తమ్మీ, ప్రతి మంగళవారం కొండగట్టుకు నేను మా వదినెతోని పోతున్న. ఆయన ముందట ఇద్దరం కలిసి నిలబడ్డం. తొవ్వల ఎవ్వలు ఎదురచ్చిండ్రని ఆయన ఒక్కనాడు అడుగలె. నీ బండి అద్దం మీద ఆయన బొమ్మనే ఏసుకున్నవు గద. ఆయనకు లేని పట్టింపు నీ బండికెందుకు?”

నేను మాట్లాడింది అంతే. కొట్లాట కాదు, కేకలు కాదు. కానీ అంతకు ముందు ఆ వీధిలో నేను నా ఇంటి మనిషి కోసం నోరు తెరిచింది లేదు. అవ్వ కొడుకు తల గోక్కున్నాడు. “కాలేజోళ్ల రూలంటె ఇంక నేనేం జేస్త” అన్నాడు. అది ఒప్పుకోవడమే.

మా బిడ్డ పెరట్లోకి వెళ్లింది. “అత్తా, నువ్వు రాకుంటె నా రీడింగు తప్పయితది.”

కత్తెరతో ఆకు కోసే చప్పుడు ఆగింది. తర్వాత పాత గొంతు వచ్చింది.

“మరి నిన్నటి చీరనే కట్టుకోవాలెనా?”

“అక్కర్లేదు.”

“కత్తెర?”

“పట్టుకో. కత్తెర నిన్న ఉన్నది.”

ఆ మధ్యాహ్నం దుప్పటి లేకుండా ఆటో కథలాపూర్ పోయి, దాని అంతట అదే తిరిగొచ్చింది. వీధి మొదట్లో దాన్ని చూసి నేను దేవుడికి దండం పెట్టాను. మా బిడ్డ మాత్రం సంతోషపడలేదు. ఒక్కసారి నడిస్తే ఏమీ తేలదట. మళ్లీ దుప్పటి కప్పి చూడాలట, మళ్లీ తీసి చూడాలట. ఎండాకాలం పొడుగునా అదే పని. కప్పినరోజు ఆగింది, తీసినరోజు నడిచింది. ప్రతిసారీ మా వదినె ఎదురు రావాలి. బీడీలు సగంలో వదిలి, గొణుక్కుంటూ లేచేది. “నా కార్ఖానా బంద్ జేపిస్తున్నరు గద” అనేది. కానీ పిలవకముందే చెప్పులు తొడుక్కొని ఉండేది. పోను పోను అవ్వ కొడుకే కేక వేయసాగాడు. “పెద్దక్కా, బండి తీస్తున్న, రా.” అవ్వ మాత్రం దుప్పటి ఉతికి ఆరవేస్తూ, “దుబాయిది గద, గంత వేడి ఎట్లుంటది” అని చాలారోజులు దాని మీద అనుమానం వదల్లేదు.

చివరి పరీక్ష సిరిసిల్ల దాకా. మా వదినె ఆ ముందు రోజు, “గా ఇసుక సంచులు కొన్ని తీసెయ్, గంత బరువు నేను కూసుంట” అంది. బరువు సరిగ్గా తెలియాలి అంది మా బిడ్డ. ఇద్దరూ వడ్ల దుకాణానికి పోయారు. కాంటా మీద మా వదినె నిలబడితే సేటు నవ్వాడట. “నవ్వకు, నేను ఎంటెక్ పరీక్షకు పోతున్న” అందట.

బయలుదేరేటప్పుడు చిక్కు వచ్చింది. ఆమె ఆటోలో కూర్చుంది. మరి ఎదురెవరు? మా వదినె ఆటోలోంచే ఎదురింటి వైపు కేక వేసింది. “ఓ పిల్లా, జర బయటికి రా. ఇయ్యాల నా డ్యూటీ నువ్వు చెయ్.” తలుపు కదిలింది. కోడలి ముఖం కనిపించి, మళ్లీ వెనక్కి పోయింది. మా వదినె ఇంకోసారి పిలవలేదు. “నీ ఇష్టం బిడ్డా. ఎప్పుడు రాబుద్ధయితె అప్పుడు రా. తొవ్వ నీది గూడ” అని, తనే ఆటో దిగి, ముందుకు నడిచి, ఎదురొచ్చి, మళ్లీ ఎక్కి కూర్చుంది. వీధంతా నవ్వింది, అవ్వతో సహా.

నేను ఇంటి దగ్గరే ఉండిపోయాను కాబట్టి ఆ ప్రయాణం బిడ్డ చెబితేనే తెలుసు. వేములవాడ దాటాక మా వదినె మాట్లాడడం మానేసిందట. సిరిసిల్లలో ఆమె కాపురం చేసిన వాడలోకి ఆటో మళ్లించారు. ఇంటింటా సాంచాలు ఆడుతున్నాయి. వీళ్ల బండికి చప్పుడే లేదు. ఆమె ఆ ఇంటి ముందు ఆపమని, దిగకుండా కాసేపు చూసి, “గీ వాడలకెళ్లి పెట్టె నెత్తిన పెట్టుకొని పోయిన. బస్టాండు దాంక ఒక్కలు తోడు రాలే” అందట. తర్వాత, “బ్యాటరీ ఎట్లున్నదే?” అని అడిగిందట. మంచిగున్నదని చెబితే, “అయితె తిప్పు” అందట.

వానలు పడ్డాక మా బిడ్డ ప్రాజెక్టు రాయడానికి కూర్చుంది. మా వదినె ఒకరోజు ఫోనులో అడిగింది, గా రాతల నేనున్ననా అని. పేరు రాయడం కుదరదంది మా బిడ్డ. “గని ఏవేవి మార్చలేదో రాయాలె అత్తా. గా మారని వాటిల నువ్వున్నవు అనుకో.” మా వదినె ఆ రోజంతా అరుగు మీదికి వచ్చినవాళ్లకు చెప్పింది. “మారని వాటిల నేనున్ననట.”

వైవాకు పిలుపు వచ్చింది. చేసిన పనిని సార్ల ముందు నిలబడి చెప్పుకోవాలి, అదే ఆఖరి పరీక్ష. దానికి ముందే ఆ మంగళవారం వచ్చింది.

బిడ్డ వచ్చింది. కర్మలు అయ్యేదాకా ఉంది. మా ఆయన గల్ఫ్ నుంచి వచ్చి చేయాల్సినవి చేశాడు. పెద్ద దినం అయిన మరునాడే అది వైవాకు వెళ్లాలి. మైల విడిచిందో లేదో, అప్పుడే ప్రయాణమేంటని చుట్టాలు అన్నారు. నేను దీపం వెలిగించి, బిడ్డకు బొట్టు పెట్టి, సంచి నేనే తెచ్చి ఆటోలో పెట్టాను. ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు.

అవ్వ కొడుకు బండి ముందు కూర్చున్నాడు. తాళం తిప్పాడు. కదపలేదు. హ్యాండిలు మీద చేతులు పెట్టుకొని వీధిలోకి చూస్తూ ఉన్నాడు.

“తమ్మీ, రైలు వేళయితుంది” అన్నాను.

“ఎరుకే అక్కా. ఎవ్వలు అస్తలేరు గద” అన్నాడు.

మా అరుగు ఖాళీగా ఉంది. చాట గోడకు ఆనించి ఉంది. నేను పోయి ఎదురు రావచ్చు. నుదుట బొట్టు ఉన్నదాన్ని, ఎవరూ ఏమీ అనరు. ఎవరూ ఏమీ అనరు కాబట్టే నేను కదల్లేదు. ఆమె చోట నేను నిలబడితే అది ఆమె చోటు కాకుండా పోతుంది.

అప్పుడు ఎదురింటి తలుపు తెరుచుకుంది. కోడలు నల్లా దగ్గరికి బయలుదేరింది. నడుము మీద ఖాళీ బిందె. ఆటోను చూసింది, సంచి చూసింది, గడపలో ఆగిపోయింది. ఒక కాలు వెనక్కి పోయింది కూడా.

మా బిడ్డ ఆటోలోంచి తల బయటికి పెట్టింది. అవ్వ తన గుమ్మంలో నిలబడి చూస్తోంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, తీయలేదు.

“బిందె ఖాళీగున్నది” అంది కోడలు, మెల్లగా.

“ఉండనీ అక్కా” అంది మా బిడ్డ.

ఆ పిల్ల గడప దిగింది. వీధి పక్కన నడవలేదు. నడిమధ్యకు వచ్చింది. అక్కడినుంచి ఆటోకు నేరుగా, తల ఎత్తి, ఒక్కొక్క అడుగే వేస్తూ ఎదురు వచ్చింది. ఆటో చప్పుడు లేకుండా కదిలింది. ఆమె పక్కకు తప్పుకోలేదు. బండే ఆమె చుట్టూ తిరిగి ముందుకు పోయింది. మలుపు దాటేదాకా ఆమె అట్లాగే నిలబడి ఉంది. పొద్దుటి ఎండ ఆ ఖాళీ బిందె మీద పడి మెరుస్తోంది.